కట్లపాము కాని కట్లపాము

‘కట్లపాము’ అనే మాట విన్నప్పుడు ఆ పేరుతో ఒకే ఒక ప్రాణి ఉన్నదని మనం భావిస్తాం. వాస్తవానికి మన ఇండ్లలో ఆ ఒక్క పేరు మీద రెండు వేర్వేరు పాములు చలామణి అవుతున్నవి. అందులో ఒకటి మన దేశపు విషసర్పాలలో అత్యంత ప్రమాదకరమైన వాటి సరసన చేరినది. రెండవది మనిషికి హాని చేయగల విషం లేనిది. గోడమీది బల్లులను తిని బ్రతికే చిన్న పాము. రెండూ రాత్రివేళ సంచరించేవే. రెండింటి ఒంటిమీదా అడ్డంగా తెల్లని కట్లు ఉంటాయి. రెండూ మనుష్యుల నివాసాల చెంతకు వస్తాయి. మసక వెలుతురులో, భయంతో చూసే కంటికి రెండూ ఒకటే. ఈ పోలిక వలన ఆ చిన్న పాము అన్యాయంగా కర్రదెబ్బలు తిని చచ్చిపోతున్నది. అంతకంటె విచారకరమైన సంగతి ఏమంటే, ఈ పోలిక కారణంగా మనుష్యులు కూడా ప్రాణాలు పోగొట్టుకొంటున్నారు. అది ఎట్లాగో వివరించడమే ఈ వ్యాసంలో మేము తలపెట్టిన పని.

జంతుశాస్త్ర విషయాన్ని తెలుగు పాఠాలు చెప్పేవారు ఎత్తుకోవడమేమిటని మా సహోపాధ్యాయ మిత్రులు అనుకోవచ్చును. చిక్కు పేరు దగ్గరనే మొదలైనది గనుక, భాష చదువుకొన్నవారికి కూడా ఇందులో కొంత ప్రవేశం ఉన్నదని మా మనవి. మన పొరుగు భాషలవారు ఈ విషయంలో మనకంటె జాగ్రత్తపరులు. మరాఠీలో విషంగల కట్లపామును ‘మణ్యార్’ అంటారు. విషంలేని ఈ చిన్న పామును ‘కవడ్యా’ అంటారు. ఒంటిమీది తెల్లని గుర్తులు గవ్వలను తలపించడం ఆ పేరుకు మూలం. బెంగాలీలో మొదటిది ‘కాలాచ్’, రెండవది ‘ఘరచితి’. ‘ఘర’ అంటే ఇల్లు. పేరులోనే అది ఇంటి పాము అని చెప్పుకొన్నారు. మన వాడుకలో మాత్రం ఈ చిన్న పాముకు అందరూ ఎరిగిన ప్రత్యేకమైన పేరు స్థిరపడలేదు. కట్లు ఉన్నవి కాబట్టి అదీ కట్లపామే అయిపోయినది. ఆంగ్లంలో దీనిని ‘వుల్ఫ్ స్నేక్’ అంటారు. ఆ మాటను తెలుగు చేసి ఈ వ్యాసంలో మేము ‘తోడేలు పాము’ అని వ్యవహరిస్తాం. కట్లపాము అన్నచోట విషంగల అసలు కట్లపాము అనే అర్థం చేసుకోవలెను.

తోడేలు పాము శాస్త్రీయ నామం ‘లైకోడాన్ ఆలికస్’. స్వీడన్ దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు లినేయస్ 1758లో దీనికి ‘ఆలికస్’ అనే పేరు పెట్టినాడు. లాటిన్ భాషలో ఆ మాటకు రాజాస్థానానికి సంబంధించినది అని అర్థం. దర్బారీ పాము అన్నమాట! బల్లుల కోసం గోడపగుళ్ళు వెదికే ప్రాణికి ఇంతటి బిరుదు దక్కడం వింతగానే ఉన్నది. ‘లైకోడాన్’ అనేది తరువాత చేర్చిన జాతినామం. గ్రీకు భాషలో తోడేలు పల్లు అని దాని అర్థం. ఆ పళ్ళ సంగతి ముందు ముందు చెప్పుకొందాం.

కట్లపాము పేరుకు మన తెలుగుతో ఇంకా సన్నిహితమైన బంధుత్వం ఉన్నది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ దేశపు వైద్యుడు హలబ్ నగరంలో చాలాకాలం వైద్యం చేసి, అనంతరం 1780ల దశకంలో విశాఖపట్నంలో కొన్నాళ్ళు ఉన్నాడు. ఆ తీరప్రాంతపు పాములను సేకరించి, ఏది విషసర్పమో ఏది కాదో తెలుసుకోవడానికి కోళ్ళ మీద, కుక్కల మీద పరీక్షలు కూడా చేసినాడు. 1796లో లండన్‌లో ప్రచురితమైన ఆయన గ్రంథంలో బొమ్మలతోపాటు, ఇక్కడి జనం ఏ పామును ఏమని పిలిచేవారో ఆ తెలుగు పేర్లను తన చెవికి వినిపించిన రీతిలో ఆంగ్ల లిపిలో వ్రాసుకొన్నాడు. పసుపు, నలుపు పట్టెలు గల ఒక పెద్ద పామును ‘బంగారు పాము’ అని విని నమోదు చేసినాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డాడిన్ 1803లో ఆ మాటను పట్టుకొని ‘బంగారస్’ అని ఒక ప్రజాతికే నామకరణం చేసినాడు. మన కట్లపాము ఆ కుటుంబంలోనిదే. దాని పూర్తి పేరు ‘బంగారస్ సీరూలియస్’. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే శాస్త్రజ్ఞులు ఈ కుటుంబానికే చెందిన మరొక పాము విషం నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి ‘బంగారోటాక్సిన్’ అన్నారు. నాడికి, కండరానికి మధ్య సమాచారం ఎట్లా నడుస్తుందో కనుగొనడంలో అది ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటికీ గొప్ప సాధనమైనది. ఆ ప్రయోగశాలలలో మన ‘బంగారం’ ప్రతిదినం పలుకుతున్నదని అక్కడివారిలో ఎందరికి తెలుసునో!

ఇక తోడేలు పాము రూపం. సాధారణంగా ఇది 30 నుండి 50 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మూరెడు అనుకోవచ్చును. అరుదుగా 80 సెంటీమీటర్ల దాకా పెరిగినవి కూడా కనిపించినవి. లావు చిటికెన వ్రేలంత. ఆడది మగదానికంటె కొంత పెద్దది. ఒంటి రంగు గోధుమవన్నె. కొన్నింటిలో పాలు ఎక్కువైన కాఫీవలె లేతగా, కొన్నింటిలో చాలా ముదురుగా ఉంటుంది. దానిమీద తెల్లని లేదా పసుపు కలిసిన తెలుపు కట్లు పన్నెండు మొదలు పందొమ్మిది వరకు ఉంటాయి. మొదటి కట్టు మెడ దగ్గరనే, కంటె వేసుకొన్నట్లు ఉంటుంది. వీపుమీద సన్నగా ఉన్న కట్టు ప్రక్కలకు దిగేకొద్దీ చీలి, ముక్కోణాకారంలో వెడల్పవుతుంది. మెడ నుండి నడుము వరకు స్పష్టంగా కనిపించే ఈ కట్లు తోక వైపు పోయేకొద్దీ మసకబారి మాయమవుతాయి. అడుగుభాగం తెల్లగా ఉంటుంది. తల బల్లపరుపుగా, మూతి వెడల్పుగా ఉండి పైనుండి అణచినట్లు కనిపిస్తుంది. కన్ను పూర్తిగా నలుపు. అందులోని నిలువు పాప చూడడానికి తెలియదు. పొలుసులు నున్నగా మెరుస్తుంటాయి.

అణచినట్లున్న ఆ తల, సన్నని ఒడలు అలంకారానికి కాదు. పగలంతా ఇది ఇటుకల గుట్టలో, గోడ బీటలో, తలుపు చట్రం వెనుక, పెంకుల సందులో, పాత కాగితాల కట్టల మధ్య ముడుచుకొని పడుకొంటుంది. తల దూరిన చోట ఒడలు కూడా దూరుతుంది. ప్రొద్దు క్రుంకిన తరువాతనే దీనికి తెల్లవారుతుంది. దీపపు వెలుగు దగ్గరకు పురుగులు చేరుతాయి; పురుగుల కోసం బల్లులు చేరుతాయి; బల్లుల కోసం ఇది చేరుతుంది. వరండాలోని ట్యూబులైటు ఒక చిన్న అడవివంటిది. గరుకుగా ఉన్న గోడను ఇది నిటారుగా ఎక్కగలదు. అడుగు పొలుసులకు ఇరు ప్రక్కలా ఒక మడతవంటి అంచు ఉంటుంది. ఆ అంచును ఇటుక అతుకుల మీద, సున్నపు గార గరుకుమీద ఆనించి మెల్లగా పైకి ప్రాకుతుంది. కప్పు దూలం మీద పాము కనిపించినదంటే అది ఎట్లా వచ్చినదో అర్థంకాక జనం బెదిరిపోతారు. నడిచి వచ్చినదే!

బల్లులతోపాటు ఇది ఇష్టంగా తినేది నలికండ్ల పామును. పేరులో పాము ఉన్నా అది పాము కాదు; కాళ్ళు కలిగి బల్లి వంశానికి చెందిన ప్రాణి. నామకరణంలో మనవారు చేసిన పొరపాట్లు ఒకటి రెండు కావన్నమాట. దాని ఒంటి పొలుసులు గట్టిగా, నూనె రాసినట్లు జారిపోతూ ఉంటాయి. మామూలు పళ్ళతో పట్టుకొంటే అది దొరకదు. తోడేలు పాము పై దవడ ముందుభాగంలో ఉన్న కొన్ని పళ్ళు తక్కినవాటికంటె చాలా పెద్దవి, వంపు తిరిగినవి. వాటి వెనుక కొంత ఖాళీ ఉండి, ఆపైన చిన్న పళ్ళు మొదలవుతాయి. ఈ పెద్ద పళ్ళు కొక్కెములవలె పనిచేసి జారే ఎరను నిలవేస్తాయి. తోడేలు అనే పేరు వచ్చినది వీటి మూలంగానే. అయితే ఇవి విషపు కోరలు కావు. విషసర్పాల కోరలలో విషం ప్రవహించడానికి గాడి లేదా గొట్టం ఉంటుంది. వీటిలో అటువంటిది లేదు. ముందుభాగాన పెద్ద పళ్ళు చూసి కోరలని భ్రమపడడం సులభమే. చచ్చిన పాము నోరు తెరచి ‘ఇదిగో కోరలు’ అని చూపించే పెద్దలు అబద్ధమాడుతున్నారని మేము అనము. వారు చూసినది నిజమే. చెప్పుకొన్న అర్థం మాత్రం నిజం కాదు.

దీనిని బెదిరించినప్పుడు సాధారణంగా తప్పించుకొని పారిపోవాలనే చూస్తుంది. దారి లేకపోతే ఒంటిని చుట్టలు చుట్టి, ఆ చుట్టల నడుమ తల దాచుకొంటుంది. అప్పటికీ చేయి పెడితే వెనుకాడక కరుస్తుంది. ఒకసారి కాదు, పలుమార్లు కరుస్తుంది. చర్మం చీరుకొని నెత్తురు చిమ్ముతుంది, కొంచెం మంట పుడుతుంది. అంతకుమించి ఏమీ కాదు. ఈ కోపిష్ఠి స్వభావం తరువాతి కథకు ముఖ్యం గనుక దీనిని గుర్తుంచుకోవలసినదిగా కోరుతున్నాము.

గ్రుడ్లు నాలుగు మొదలు పదకొండు వరకు పెడుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వాటి నుండి వెలువడే పిల్లలు జానెడైనా ఉండవు.

విషంగల పామును విషంలేని పాము పోలి ఉండడం యాదృచ్ఛికమా? హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఆంగ్లేయుడు అమెజాన్ అడవులలో సీతాకోకచిలుకలను పరిశీలించి 1862లో ఒక సిద్ధాంతం ప్రకటించినాడు. శత్రువులు తినడానికి భయపడే ప్రాణి వేషాన్ని, రక్షణలేని మరొక ప్రాణి తరతరాలుగా సంతరించుకొంటుందని ఆ సిద్ధాంత సారాంశం. తోడేలు పాము కట్లు అటువంటి వేషమేనని అనేకుల అభిప్రాయం. కట్లపామును ఒకసారి చూసి జడిసిన పక్షి గాని, జంతువు గాని దీని జోలికి రావడానికి సంశయిస్తుంది గదా! మా మట్టుకు ఈ వాదం యుక్తియుక్తంగానే తోస్తున్నది. అడవిలో ప్రాణం కాపాడిన వేషమే ఇంటి గడప దాటగానే ప్రాణం తీస్తున్నది. జంతువులు విషసర్పాన్ని చూసి తొలగిపోతాయి; మనిషి కర్ర కోసం చూస్తాడు.

ఈ పాము అన్నిచోట్లా ఇంత సాధువు అని కూడా చెప్పలేము. దీనికి అత్యంత సమీప బంధువైన ఒక జాతి, ఒకప్పుడు దీనిలో భాగంగానే లెక్కించబడినది, 1980ల దశకంలో ఓడల సరుకులతోపాటు హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ ద్వీపం చేరుకొన్నది. అక్కడి బల్లులకు, నలికండ్ల పాములకు ఇటువంటి శత్రువు అనుభవంలో లేదు. అవి క్రమంగా అడవి నుండి మాయమైనవి. ఆ ద్వీపంలో తప్ప లోకంలో మరెక్కడా లేని ఒక నలికండ్ల జాతిలో మిగిలిన చివరి ప్రాణి 2014లో బోనులోనే మరణించినది. ఆ వినాశానికి ప్రధానమైన కారణాలలో ఈ పాము ఒకటని శాస్త్రజ్ఞుల బలమైన అనుమానం. తన చోట తాను ఉన్నంతవరకు బల్లుల సంఖ్యను అదుపులో ఉంచే ప్రాణి, పరాయి చోట వంశనాశకారి అయినది.

ఇప్పుడు కట్లపాము వద్దకు వద్దాం. ఇది సుమారు ఒక మీటరు పొడవు పెరుగుతుంది. ఇంకా పెద్దవి కూడా ఉన్నవి. నల్లగా, నీలి ఛాయతో నిగనిగలాడుతుంది. పగలు ఎలుక బొరియలలో, చీమల పుట్టలలో, రాళ్ళ గుట్టలలో మందకొడిగా పడి ఉంటుంది. రాత్రి అయినదంటే చురుకైనది. దీని ఆహారంలో ఇతర పాములు ముఖ్యమైనవి. ఎలుకలు, కప్పలు, బల్లులు కూడా తింటుంది. ఎలుకల కోసమో, నీడ కోసమో ఇంట్లోకి వస్తుంది. నేలమీద చాప పరచుకొని పడుకొన్నవారి ప్రక్కగా పోతున్నప్పుడు వారు నిద్రలో అటూ ఇటూ దొర్లి దానిమీద చేయో కాలో వేస్తారు. అది కరుస్తుంది. కోరలు చాలా చిన్నవి. కాటు పడిన చోట నొప్పి ఉండదు, వాపు ఉండదు, తరచుగా గుర్తు కూడా కనిపించదు. చీమ కుట్టినదనుకొని మళ్ళీ నిద్రపోయినవారు ఎందరో ఉన్నారు. అసలు మేలుకోనివారు కూడా ఉన్నారు. రాజస్థాన్ ప్రాంతంలో ఈ పాము కరవదనీ, నిద్రించేవారి ఊపిరిని త్రాగేస్తుందనీ ఒక నమ్మకం ప్రచారంలో ఉన్నది. కాటు కనిపించకుండా శ్వాస ఆగిపోయిన శవాలను చూసినవారు అంతకంటె ఏమని ఊహించగలరు?

తెల్లవారుజామున కడుపులో నొప్పి మొదలవుతుంది. వాంతి కావచ్చును. గొంతు పట్టినట్లుంటుంది. కనురెప్పలు ఎంత ప్రయత్నించినా పైకి లేవవు. ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. మాట ముద్దగా వస్తుంది. ఉమ్మి మ్రింగడం కష్టమవుతుంది. తరువాత కాళ్ళు చేతులు, చివరకు ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. ఈ విషం నాడుల కొనలనే పాడుచేస్తుంది. మనిషికి స్పృహ ఉన్నా కదలలేడు. రాత్రి తిన్న భోజనం పడలేదేమోనని ఇంట్లో సోడా త్రాగించి కూర్చొంటారు. విలువైన గంటలు అట్లా జారిపోతాయి. వానాకాలంలో నేలమీద పడుకొన్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెప్పలు వాల్చుతున్నాడంటే అది కట్లపాము కాటు కావచ్చునని వెంటనే అనుమానించవలెను.

రెండింటినీ వేరుచేసి గుర్తించడానికి కొన్ని ఆనవాళ్ళు ఉన్నవి. కట్లపాము కట్లు సన్నగా, పాలవలె తెల్లగా, తరచుగా జంటలు జంటలుగా ఉంటాయి. మెడ దగ్గర లేకుండా కొంత దూరం తరువాత మొదలై, తోక వైపు పోయేకొద్దీ స్పష్టమవుతాయి. తోడేలు పాముకు సరిగ్గా దీనికి విపర్యయం. కట్లపాము వెన్నుమీద నడిమి వరుస పొలుసులు తక్కినవాటికంటె పెద్దవిగా, ఆరు కోణాలతో ఉంటాయి. తోడేలు పాముకు అన్నీ ఒక్క తీరే. కట్లపాము తోక అడుగున పొలుసులు ఒంటి వరుసగా, తోడేలు పాముకు రెండు వరుసలుగా ఉంటాయి. గోడమీద నిటారుగా ప్రాకుతున్నది చాలావరకు తోడేలు పామే.

ఇవన్నీ చదివి మన విద్యార్థులలో ఎవరైనా ‘నేను గుర్తించగలను’ అనుకొంటే ఈ వ్యాసం మేలుకు బదులు కీడు చేసినదవుతుంది. పిల్ల కట్లపాముకు మెడ దగ్గరనుండే కట్లు ఉండవచ్చును. ముసలి కట్లపాముకు ముందుభాగంలో కట్లు పూర్తిగా చెరిగిపోవచ్చును. కొన్ని తోడేలు పాములకు అసలు కట్లే ఉండవు. పొలుసుల లెక్క నిశ్చయమైనదే గాని, అది బల్లమీద పడుకోబెట్టిన చచ్చిన పాము విషయంలో. అర్ధరాత్రి టార్చిలైటు వెలుగులో కదలే పాము వెన్నుమీది పొలుసుల కోణాలు లెక్కించేవారు ఎవరూ ఉండరు. అందుచేత పామును పట్టుకొని పరీక్షించవద్దు. ఇది తోడేలు పామేలే అని చేతితో ఎత్తి పారవేయబోయి కట్లపాము కాటుకు గురికావడం, దానిని ఊరక చంపడంకంటె ఘోరమైన పొరపాటు.

మొదట మేము అన్న మాట, ఈ పోలిక వలన మనుష్యులు చనిపోతున్నారన్నది, ఇప్పుడు వివరించవలెను. ఒక ఊరిలో పాముకాటుకు మందు వేసే ఒక పెద్దమనిషి ఉన్నాడనుకొందాం. ఆయన మంత్రం వేయవచ్చును, ఆకు పసరు పోయవచ్చును, తావీజు కట్టవచ్చును, తెలుగులో పాము రాయి అని, ఉర్దూలో జహర్‌మొహ్రా అని పిలిచే రాయిని అంటించవచ్చును. ఏ మతంవారైనా, ఏ పద్ధతి అయినా మన లెక్కకు ఒకటే. ఆయన వద్దకు ఏడాదికి ఇరవైమంది ‘కట్లపాము కరచినది’ అంటూ వచ్చినారనుకొందాం. వారిలో ఎవరు పరుగెత్తుకొని వస్తారు? కరచిన పామును కళ్ళారా చూసినవారు, నొప్పి పుట్టి నెత్తురు కారినవారు. అంటే పలుమార్లు కరచి, నెత్తురు కళ్ళజూసే తోడేలు పాము బాధితులే అధికం. వారందరూ మంత్రం వేసినా బ్రతుకుతారు, వేయకపోయినా బ్రతుకుతారు. నిజమైన కట్లపాము కాటు తిన్నవాడు నొప్పిలేక, సంగతి తెలియక ఇంట్లోనే పడుకొని ఉంటాడు. విషసర్పం కరచినా ఒక్కొక్కసారి విషం ఎక్కించకపోవడం కూడా కద్దు. వారూ ఈ పద్దులోనే చేరుతారు. ఇరవైలో పద్దెనిమిదిమంది నవ్వుతూ ఇంటికి పోయినారు. చనిపోయిన ఇద్దరి విషయంలో ‘ఆలస్యంగా తీసుకొని వచ్చినారు’ అని ఆయన అంటాడు, ఊరు నమ్ముతుంది. ఇది మోసం కానవసరం లేదు. తన మందు పనిచేస్తున్నదని ఆయన కూడా మనస్ఫూర్తిగా నమ్మవచ్చును. పదిమందికి మేలు చేయాలనే ఉద్దేశంతో డబ్బు ముట్టనివారు కూడా వారిలో ఉన్నారు. కాని ఆ నమ్మకం పలుకుబడిగా మారి, మరుసటి ఏడాది నిజంగా విషం ఎక్కిన పిల్లవాడిని ఆస్పత్రి దారి నుండి మళ్ళించి ఆయన గుమ్మం ముందుకు చేరుస్తుంది. విషంలేని పాము సంపాదించిపెట్టిన కీర్తికి విషంగల పాము కాటు తిన్నవాడు మూల్యం చెల్లిస్తున్నాడు.

ఇది చిన్న సంఖ్యల వ్యవహారం కాదు. 2000 నుండి 2019 వరకు గల ఇరవై సంవత్సరాలలో మన దేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది, అనగా ఏటా సగటున 58,000 మంది మరణించినారని 2020లో ప్రకటితమైన ఒక పరిశీలన అంచనా వేసినది. మరణించినవారిలో ఎక్కువమంది పల్లెటూళ్ళవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును, లోకం నిర్లక్ష్యం చేసిన ఉష్ణమండల వ్యాధుల పట్టికలో అగ్రస్థాయిలో చేర్చినది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించే లక్ష్యంతో భారత ప్రభుత్వం 2024లో ఒక జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించినది.

ఆస్పత్రిలో ఏమి జరుగుతుందో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, పొలుసులు రంపపు పళ్ళవలె ఉండే చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ కలిపి ఒకే మందు ఉన్నది. స్వల్ప మోతాదులలో విషం ఎక్కించిన గుర్రాల రక్తం నుండి దానిని తయారుచేస్తారు. అందుకు కావలసిన విషంలో గొప్ప భాగాన్ని తమిళనాడులోని ఇరుళ జాతివారు 1978లో ఏర్పరచుకొన్న సహకార సంఘం సమకూర్చుతూ వచ్చినది. నాలుగింటికీ మందు ఒకటే కాబట్టి, ఏ పాము కరచినదో తెలియకపోయినా వైద్యం ఆగదు. పామును చంపి సంచిలో వేసుకొని పోవలసిన పని లేదు. వైద్యులు రోగి లక్షణాలను చూసి, రక్తం గడ్డకట్టుతున్నదో లేదో పరీక్షించి, ఒక రోజు కనిపెట్టి ఉండి నిర్ణయిస్తారు. తోడేలు పాము కాటయితే మరునాడు ఇంటికి పంపుతారు. పోయినది ఒక రాత్రి నిద్ర మాత్రమే. కట్లపాము విషయంలో మందు ఎంత త్వరగా పడితే అంత మంచిది. నాడుల కొనలు ఒకసారి చెడిన తరువాత మందు వాటిని బాగుచేయలేదు. అవి తమంతట తాము కోలుకోవడానికి రోజులు పడుతుంది. అన్నాళ్ళూ కృత్రిమ శ్వాస యంత్రం రోగి తరఫున ఊపిరి తీస్తుంది. ఊపిరి నిలిపితే మనిషి నిలుస్తాడు.

కాటు పడినవారిని నడిపించక, కరచిన అవయవాన్ని కదలకుండా ఉంచి, ఉంగరాలు గాజులు తీసివేసి, 108కి ఫోను చేసి గాని, దొరికిన బండి మీద గాని విషానికి విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి చేర్చవలెను. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయరాదు. కాటు పడిన వేళ ఎంతో వైద్యునికి చెప్పవలెను.

నేలమీద పడుకోవడం మానుకొంటే కట్లపాము ప్రమాదం చాలావరకు తొలగుతుంది. మంచం కొనలేనివారికి దోమతెర ఉన్నది. అంచులు చాప క్రిందికి దోపి కట్టిన దోమతెర పాముకాటు నుండి కూడా రక్షిస్తుందని నేపాల్ తరాయి ప్రాంతపు గ్రామాలలో జరిపిన పరిశీలనలో తేలినది. మన పేద విద్యార్థులకు దుప్పట్లు పంచే దాతలు, కళాశాల సంఘంవారు ఈ విషయం ఆలోచించవలెనని కోరుతున్నాము. దుప్పటితోపాటు దోమతెర కూడా ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. తలుపు క్రింది సందును గుడ్డతోనైనా మూయడం, గోడనానుకొని ఇటుకలు, కట్టెలు పేర్చకపోవడం, రాత్రి చేతిలో దీపం లేకుండా బయటకు పోకపోవడం ఖర్చులేని పనులు.

గదిలో పాము కనిపించినప్పుడు తలుపు వేసి, క్రింది సందులో గుడ్డ కుక్కి, అది ఎటు పోతున్నదో కిటికీ నుండి ఒకరు చూస్తూ ఉంటే చాలును. పాములు పట్టడంలో శిక్షణ పొందినవారిని పిలువవచ్చును. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారు ఈ పని చేస్తున్నారు, తక్కినచోట్ల అటవీశాఖవారిని అడగవచ్చును. వారు వచ్చేలోపల అది గోడ ఎక్కి ట్యూబులైటు ప్రక్కన బల్లి కోసం పొంచి కూర్చొన్నదంటే, చాలావరకు అది తోడేలు పామే అయి ఉంటుంది. అయినప్పటికీ తలుపు వేసే ఉంచండి.